తినే బొమ్మలు చేద్దాం

పిల్లలకు పిండి కనపడితే చాలు. జొన్నరొట్టెకు పిండి పిసికేటప్పుడు వచ్చి పక్కన కూర్చుంటారు. "మా, నాకు రవ్వంత ముద్ద ఇయ్యి" అని అడుగుతారు. ఇస్తే పామును చేస్తారు. బండి చక్రం చేస్తారు. అరచేతిలో చిన్న రొట్టె తడతారు.

చాలా ఇళ్లల్లో పెద్దవాళ్లు ఏమంటారు? "పిండి పాడు చేయొద్దు. అవతలికి పో" అంటారు. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. పిండి ఊరికే రాదు. కూలి డబ్బులతో కొన్న గింజలవి. వాటిని మట్టిపాలు చేస్తే ఎవరికైనా కడుపు మండుతుంది.

అయితే పిండి పాడు కాకుండా కూడా ఆడుకోవచ్చు. చేతులు కడుక్కుని బొమ్మలు చేయాలి. చేసిన బొమ్మను ఆవిరి మీద ఉడికించాలి. లేదా పెనం మీద కాల్చాలి. తర్వాత ఆ బొమ్మను పిల్లలే తినాలి. అప్పుడు ఆటా అవుతుంది. కడుపూ నిండుతుంది.

ఈ బొమ్మలు ఎలా చేయాలి? రంగులు ఎక్కడి నుంచి తేవాలి? ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఇది మనకు కొత్త కాదు

తినే బొమ్మలు అంటే కొత్తగా అనిపిస్తుంది. కానీ ఈ కళ మన ఆడవాళ్ల చేతుల్లో ఎప్పటి నుంచో ఉంది.

కర్జికాయ చేసేటప్పుడు అంచును వేలితో మడుస్తారు. ఆ మడత జడ అల్లినట్టు వస్తుంది. గవ్వలు చేసేటప్పుడు చిన్న ఉండను గీతల చెక్క మీద బొటనవేలితో ఒత్తుతారు. అది సముద్రపు గవ్వలాగా చుట్టుకుంటుంది. ఇది చేతిపని కాదా? కళ కాదా?

చలిమిడితో ప్రమిద చేస్తారు. అందులో నెయ్యి పోసి, వత్తి వేసి దీపం పెడతారు. దీపం కొండెక్కిన తర్వాత ఆ చలిమిడిని ప్రసాదంగా తింటారు. చౌడమ్మ గుళ్ల దగ్గర జ్యోతులు ఎత్తుతారు. బియ్యప్పిండి, బెల్లం కలిపిన ముద్దతో ఆ జ్యోతులను చేస్తారు. బేతంచెర్లకు దగ్గరలో, బనగానపల్లె మండలంలో నందవరం ఉంది. అక్కడి చౌడేశ్వరీదేవి గుడికి చాలా పేరుంది.

తిరునాళ్లలో చక్కెర చిలకలు అమ్ముతారు. చక్కెర పాకాన్ని చెక్క అచ్చుల్లో పోసి వాటిని చేస్తారు. మన పక్కనున్న కర్నాటకలో సంక్రాంతికి చక్కెర అచ్చులు చేస్తారు. వాటిని నువ్వులు, బెల్లంతో పాటు ఇంటింటికీ పంచుతారు.

దూరదేశాల్లో కూడా ఈ కళ ఉంది. వియత్నాం అనే దేశంలో జువాన్ లా అనే ఊరుంది. ఆ ఊరివాళ్లు బియ్యప్పిండి ముద్దకు రంగులు కలిపి బొమ్మలు చేస్తారు. కోడి, గేదె, పూలు, మనుషులు, అన్నీ చేస్తారు. సన్నపుల్లకు గుచ్చి పిల్లలకు అమ్ముతారు. ఈ బొమ్మలను అక్కడ "తో హె" అంటారు. మన చలిమిడికి అది దూరపు చుట్టం అనుకోవచ్చు.

పిల్లలకు ఏం లాభం?

మొదటి లాభం తిండి. పెట్టింది తినరని పిల్లల మీద తల్లులు బాధపడుతుంటారు. రాగిముద్ద పెడితే మూతి తిప్పుతారు. ఆకుకూర వేస్తే ఏరి పక్కన పెడతారు. అదే రాగిపిండితో ఎద్దును చేస్తే? "ఇది నా ఎద్దు" అని పట్టుకుంటారు. తాము చేసిన దాన్ని రుచి చూడాలని చాలామంది పిల్లలకు ఉంటుంది. మొదటి రోజు తోక ఒక్కటే తింటారేమో. ఫరవాలేదు. కొట్టి తినిపించవద్దు. ఇంకోసారి కొమ్ము కూడా తింటారు.

ఇది చిన్న సంగతి కాదు. 2019-21 సంవత్సరాల్లో దేశమంతా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్ల లోపు పిల్లల రక్తం పరీక్ష చేశారు. నూటికి 60 మందికి పైగా పిల్లల్లో రక్తం తక్కువగా ఉందని తేలింది. రక్తం తక్కువైతే పిల్లలు తొందరగా అలసిపోతారు. చదువు మీద మనసు నిలవదు. రక్తం పట్టాలంటే ఇనుము ఉన్న తిండి కావాలి. సజ్జలు, రాగులు, ఆకుకూరలు, పప్పులు, నువ్వులు ఇందుకు పనికొస్తాయి. అయితే బాగా పాలిపోయిన పిల్లలకు ఈ తిండి ఒక్కటే సరిపోదు. వాళ్లను ఆసుపత్రిలో చూపించాలి.

రాగుల్లో ఇంకో గొప్ప గుణం ఉంది. ఎముకలకు బలమిచ్చే కాల్షియం వాటిలో చాలా ఉంది. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. బియ్యంలో గానీ, గోధుమల్లో గానీ అంత లేదు. ఒకప్పుడు రాగులు, జొన్నలు, కొర్రలు పేదల తిండి అని చిన్నచూపు చూసేవారు. 2023వ సంవత్సరాన్ని ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. సీమలో మన పెద్దలు తిన్న తిండికి ప్రపంచమే దండం పెట్టింది.

రెండో లాభం చేతికి బలం. పిండి పిసకడం, ఉండ చేయడం, తాడులాగా సాగదీయడం, వీటితో వేళ్లకు పట్టు వస్తుంది. పలక మీద బలపం పట్టుకోవడానికి కూడా ఆ పట్టే కావాలి. బడికి పోయే ముందు పిండి పట్టిన చేయి, బడిలో బలపం సులువుగా పడుతుంది.

ముందు ఏమేం సిద్ధం చేసుకోవాలి?

బజారులో కొనే వస్తువు ఒక్కటీ అక్కర్లేదు. పిండి, ఉప్పు, బెల్లం, పసుపు, నూనె, నువ్వులు చాలు. ఒక తట్ట కావాలి. ఒక చెంచా కావాలి. గుండ్రంగా కోయడానికి చిన్న గ్లాసు కావాలి. గీతలు పెట్టడానికి కడిగిన దువ్వెన కొత్తది ఒకటి ఉంచుకోవచ్చు.

చేతులు సబ్బుతో కడగాలి. గోళ్లు కత్తిరించాలి. బేతంచెర్లలో చాలామంది బండల గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో పని చేస్తారు. పని నుంచి వచ్చినప్పుడు ఒళ్లంతా రాతిదుమ్ము ఉంటుంది. ఆ బట్టలతో పిండి ముట్టవద్దు. బట్టలు మార్చుకుని, మోచేతుల దాకా కడుక్కుని కూర్చోవాలి.

మన ఇళ్లల్లో పాలిష్ బండలుంటాయి. బండను కడిగి తుడిస్తే పిండి వత్తడానికి బాగుంటుంది. కానీ ఒక్క మాట. మన నాపరాయి సున్నపురాయి జాతిది. దాని మీద నిమ్మరసం, చింతపులుసు పడితే రాయిని తింటాయి. నిగనిగ పోయి మచ్చ పడుతుంది. పసుపు, బీట్‌రూట్ మరకలు కూడా తొందరగా పోవు. కాబట్టి రంగుల పని తట్టలోనే చేయాలి.

పిండి ఎలా కలపాలి?

జొన్నరొట్టె చేసే ఆడవాళ్లకు ఈ కిటుకు తెలుసు. జొన్నపిండిని చన్నీళ్లతో కలిపితే రొట్టె పగులుతుంది. ఉడుకు నీళ్లతో కలిపితే ముద్ద జిగురుగా వస్తుంది. ఎందుకు?

గోధుమపిండికి సాగే గుణం ఉంది. జొన్న, రాగి, బియ్యం పిండికి ఆ గుణం లేదు. అయితే అన్ని పిండుల్లోనూ గంజి ఉంటుంది. ఉడుకు నీళ్లు తగలగానే ఆ గంజి ఉబ్బి జిగురు అవుతుంది. ఆ జిగురే పిండిని పట్టి ఉంచుతుంది. బొమ్మకు కాలు అతకాలన్నా, కొమ్ము నిలవాలన్నా ఆ జిగురు కావాలి.

బొమ్మల పిండి కలిపే పద్ధతి ఇది.

1. బియ్యప్పిండి అర గ్లాసు, రాగిపిండి అర గ్లాసు తీసుకోండి.
2. ఒకటింపావు గ్లాసు నీళ్లు పొయ్యి మీద పెట్టండి. చిటికెడు ఉప్పు, ఒక చెంచా నూనె వేయండి.
3. నీళ్లు తెర్లేటప్పుడు మంట తగ్గించండి. పిండి పోసి గరిటెతో కలబెట్టండి.
4. పొయ్యి మీద నుంచి దించండి. మూతపెట్టి 10 నిమిషాలు ఉంచండి.
5. గోరువెచ్చగా అయ్యాక చేతికి నూనె రాసుకుని మెత్తగా పిసకండి.
6. పగుళ్లు వస్తే చేయి తడి చేసుకోండి. జారుగా ఉంటే కొంచెం పిండి చల్లండి.

నీళ్లు తెర్లించే పని, పిండి కలబెట్టే పని పెద్దవాళ్లే చేయాలి. ముద్ద చల్లారిన తర్వాతనే పిల్లల చేతికి ఇవ్వాలి. పిసికిన ముద్దను తడిగుడ్డ కింద ఉంచాలి. లేకపోతే ఎండిపోయి పగులుతుంది.

రంగులు మన ఇంట్లోనే ఉన్నాయి

రంగు కోసం అంగడికి పోవద్దు. మన వంటింట్లోనే రంగులున్నాయి.

పసుపుపచ్చ రంగుకు చిటికెడు పసుపు చాలు.
ఎర్ర రంగుకు బీట్‌రూట్ తురిమి రసం పిండాలి.
ఆకుపచ్చ రంగుకు పాలకూర ఉడికించి మెత్తగా నూరాలి.
నారింజ రంగుకు క్యారెట్ నూరి రసం పిండాలి.
గోధుమ రంగుకు రాగిపిండి ఉంది. బెల్లం కూడా ఉంది.
తెల్ల రంగుకు బియ్యప్పిండి ఉంది.

రంగు ముద్ద కావాలంటే పిండిలో నీళ్లకు బదులు ఆ రసమే పోయాలి. రాగిపిండి నల్లగా ఉంటుంది. అందులో రంగు కనపడదు. కాబట్టి రంగు ముద్దలకు బియ్యప్పిండి ఒక్కటే తీసుకోండి. ఒక సంగతి గుర్తుంచుకోండి. బీట్‌రూట్ రంగు ఎక్కువసేపు ఉడికితే వెలిసిపోతుంది. "నా ఎర్రకోడి తెల్లబడింది" అని పిల్లలు అడుగుతారు. ముందే చెప్పండి.

పిల్లలకు ఒక వింత చూపించండి. తట్టలో కొంచెం పసుపు నీళ్లు తీసుకోండి. అందులో చిటికెడు వంటసోడా వేయండి. పసుపుపచ్చ ఎర్రగా మారుతుంది. అందులో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి. మళ్లీ పసుపుపచ్చ అవుతుంది. పసుపు, సున్నం కలిపి పారాణి చేసేది ఈ గుణంతోనే. ఈ నీళ్లు చూడటానికి మాత్రమే. తాగడానికి కాదు.

పూల విషయంలో జాగ్రత్త. అందంగా ఉన్న పూలన్నీ తినేవి కావు. గన్నేరు విషం. ఉమ్మెత్త విషం. పిల్లలు బొమ్మకు అలంకారంగా వాటిని గుచ్చకుండా చూడాలి.

బజారు రంగులతో ప్రమాదం

తిరునాళ్లలో గులాబీరంగు పీచుమిఠాయి చూస్తే పిల్లలు ఆగరు. ఆ రంగు ఏమిటో మనకు తెలుసా?

2024 ఫిబ్రవరిలో పాండిచ్చేరిలో, తమిళనాడులో పీచుమిఠాయిని పరీక్ష చేశారు. అందులో రోడమిన్-బి అనే రంగు దొరికింది. అది బట్టలకు, కాగితాలకు వేసే రంగు. తినే రంగు కాదు. అక్కడి ప్రభుత్వాలు పీచుమిఠాయి అమ్మకాన్ని ఆపేశాయి. మరుసటి నెలలో కర్నాటక ప్రభుత్వం కూడా రంగు వేసిన పీచుమిఠాయిని, రంగు వేసిన గోబీ మంచూరియాను నిషేధించింది.

మన దేశ చట్టం ప్రకారం తిండిలో 8 రకాల తయారుచేసిన రంగులు మాత్రమే వాడాలి. అవి కూడా కొన్ని తిండి పదార్థాల్లోనే, కొలత ప్రకారమే వాడాలి. మెటానిల్ ఎల్లో అనే పసుపు రంగు ఆ 8లో లేదు. అయినా కొందరు దాన్ని మిఠాయిల్లో, పసుపులో కలుపుతారు.

అంగట్లో పొట్లం కొంటే దాని మీద ఏముందో చదవండి. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. గుర్తు ఉందా? దాని కింద 14 అంకెల నంబరు ఉందా? తయారైన తేదీ ఉందా? ఇంతకుముందు ఆ అక్షరాలు మనకు గీతల్లాగా కనపడేవి. ఇప్పుడు చదువు వచ్చింది. చదివి కొనడం మన హక్కు. పేరు, తేదీ లేని రంగు పొడి పొట్లం ఇంటికి తేవద్దు.

బొమ్మ 1: రాగి ఎద్దు

ఏరువాక రోజుల్లో మట్టి ఎద్దులు చేసి పూజించే అలవాటు మన ప్రాంతంలో ఉంది. ఆ ఎద్దునే రాగిపిండితో చేద్దాం.

నిమ్మకాయంత ముద్ద తీసుకోండి. కోడిగుడ్డు ఆకారంలో చేయండి. అది ఒళ్లు. ఉసిరికాయంత ఉండ చేసి ముందు అతకండి. అది తల. నాలుగు చిన్న ముద్దలు కాళ్లు. కాళ్లు లావుగా, పొట్టిగా ఉండాలి. సన్నగా చేస్తే ఎద్దు కూలబడుతుంది. వీపు మీద మూపురం పెట్టండి. తెల్లపిండితో కొమ్ములు చేయండి. కళ్లకు నువ్వుగింజలు పెట్టండి. అతికే చోట నీళ్లు రాయండి.

ఇడ్లీ పాత్రలో నూనె రాసిన తట్ట పెట్టి, బొమ్మలను 12 నుంచి 15 నిమిషాలు ఉడికించండి. ఇడ్లీ పాత్ర లేకపోతే కుండలో సగం నీళ్లు పోయండి. కుండ మూతికి తెల్లగుడ్డ వాసెన కట్టండి. మన అవ్వలు కుడుములు ఉడికించింది ఇలాగే. తడివేలితో ముట్టుకుంటే అంటుకోకూడదు. అప్పుడు ఉడికినట్టు.

ఈ ఎద్దును బుడ్డల పొడితో తినొచ్చు. పొడిలో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండండి. నిమ్మరసం ఉంటే తిండిలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. దీనితో పాటు టీ ఇవ్వొద్దు. టీ ఇనుమును ఒంటికి పట్టనీయదు.

బొమ్మ 2: బండల పరుపు

బేతంచెర్ల అంటే బండలకు పేరు. ఇంట్లో నాయన బండలు కోస్తాడు. లేదా పరుస్తాడు. పిల్లలు కూడా తినే బండలు పరవొచ్చు. దీనికి ఆవిరి అక్కర్లేదు.

పుట్నాలు పొడి కొట్టి ఒక గ్లాసు తీసుకోండి. పావు గ్లాసు బెల్లం తురుము వేయండి. మూడు చెంచాల కాచిన నెయ్యి పోసి కలపండి. ముద్ద కట్టకపోతే ఇంకో చెంచా నెయ్యి వేయండి. ఇది లేత రంగు ముద్ద.

రెండో ముద్దకు రాగిపిండి తీసుకోండి. చిన్నమంట మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించండి. అదే కొలతలో బెల్లం, నెయ్యి కలపండి. ఇది నల్లటి ముద్ద.

రెండు ముద్దలను తట్టలో వేరువేరుగా వేలు మందం పరవండి. చెంచా అంచుతో చదరాలుగా కోయండి. ఒక లేత బండ, ఒక నల్ల బండ, పక్కపక్కన పేర్చమని చెప్పండి. వరసకు 4 బండలు. మొత్తం 4 వరసలు. ఎన్ని బండలయ్యాయి? 16. అందులో నల్లవి ఎన్ని? 8. నాలుగు తింటే ఎన్ని మిగిలాయి? లెక్క నోట్లోనే కరిగిపోతుంది.

నాయన పని ఎంత ఓపికతో చేయాలో పిల్లలకు ఇక్కడ తెలుస్తుంది. ఒక్క బండ వంకర పడితే వరసంతా వంకర పోతుంది.

బొమ్మ 3: రొట్టె మీద ముఖం

మూడు, నాలుగేళ్ల పిల్లలకు ఇది మంచి పని. పొయ్యి దగ్గరకు రానక్కర్లేదు. కాల్చి ఆరిన చిన్న జొన్నరొట్టె ఇవ్వండి. అదే ముఖం. రెండు దోసకాయ ముక్కలు కళ్లు. చిన్న క్యారెట్ ముక్క ముక్కు. టమాటా ముక్క నోరు. ఉడికించిన ఆకుకూర జుట్టు.

క్యారెట్‌ను ముందే ఉడికించండి. పచ్చిది గట్టిగా ఉంటుంది. చిన్నపిల్లల గొంతుకు అడ్డం పడుతుంది. "ఇది ఎవరు?" అని అడగండి. ఒకరు జేజి అంటారు. ఒకరు మామ అంటారు. "జేజి నవ్వుతోందా, ఏడుస్తోందా?" అని అడగండి. పిల్లలు మాటలు నేర్చేది ఇలాగే.

బొమ్మ 4: తినే అక్షరాలు

మన తెలుగు అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. పిండిని తాడులాగా చేస్తే అక్షరాలు సులువుగా వస్తాయి. దీనికి గోధుమపిండి మంచిది. అది తెగకుండా సాగుతుంది. చపాతీ పిండిలాగా కలిపి అరగంట నానబెట్టండి. వేలు లావు తాళ్లు చేయండి.

మొదట సున్న చుట్టండి. దాని మీద తలకట్టు పెట్టండి. "ర" అయింది. సున్న లోపల ఒక నువ్వుగింజ పెట్టండి. "ఠ" అయింది. చుక్క ఒక్కటే తేడా. "వ" చేసి పక్కన కొమ్ము చేర్చండి. "మ" అయింది.

పెనం మీద కొంచెం నూనె వేసి, మూతపెట్టి, సన్నటి మంట మీద రెండు వైపులా కాల్చండి. లోపల పచ్చి ఉండకూడదు.

ఈ అక్షరాలను పిల్లలతో పాటు అమ్మ కూడా చేయాలి. కొత్తగా చదువు నేర్చిన వాళ్లకు చేయి తిరగాలంటే రోజూ రాయాలి. పుస్తకం మూలన పెడితే నేర్చిన అక్షరాలు మరిచిపోతాం. పిండితో అక్షరం చేస్తే దాని వంపు వేళ్లకు గుర్తుంటుంది. బిడ్డ పేరును పిండితో రాసి తట్టలో పెట్టండి. "ఇది ఎవరి పేరు?" అని అడగండి. అమ్మ రాసింది బిడ్డ చదివితే, బిడ్డ రాసింది అమ్మ చదివితే, ఇల్లే బడి అవుతుంది.

"ఇది నాకు ఇంకో పనా?"

పొద్దంతా కూలికి పోయిన తల్లి ఈ మాట అడగడంలో తప్పు లేదు. నీళ్లు మోయాలి. వంట చేయాలి. బట్టలు ఉతకాలి. ఇక బొమ్మలకు తీరిక ఎక్కడిది?

రోజూ చేయనక్కర్లేదు. అన్ని బొమ్మలూ ఒకేరోజు చేయనక్కర్లేదు. రొట్టెలకు కలిపిన పిండిలోనే ఒక ముద్ద పక్కన పెట్టండి. ఆ ముద్ద పిల్లలకు ఇవ్వండి. మీ రొట్టెలు అయ్యేలోపు వాళ్ల బొమ్మ అవుతుంది. చివరి రొట్టెతో పాటు దాన్నీ కాల్చండి. అంతే పని.

ఆదివారం నాయన కూడా కూర్చోవచ్చు. బండలు కోసే చేతికి ఎద్దు కొమ్ము చేయడం రాదా? తట్టలు కడగడం రాదా? మగపిల్లలను కూడా పిండి దగ్గర కూర్చోబెట్టండి. "ఇది ఆడపిల్లల పని" అని లేపేయవద్దు. తినే నోరు అందరికీ ఉంది. చేసే చేయి కూడా అందరికీ ఉంది. అన్న బొమ్మ చేసి, చెల్లెలు తట్టలు కడిగితే అది ఆట కాదు. ఇద్దరూ చేయాలి. ఇద్దరూ కడగాలి.

బొమ్మ వంకరగా వస్తే నవ్వవద్దు. ఎద్దు కుక్కలాగా ఉందని ఎగతాళి చేయవద్దు. "దీని పేరేమి?" అని అడగండి. వాళ్లు చేసిన బొమ్మను మీరు సరిచేయవద్దు. మీ ముద్ద మీరు చేసుకోండి. వాళ్ల ముద్ద వాళ్లది.

గుర్తుంచుకోండి

1. పచ్చిపిండి తిననివ్వొద్దు. పచ్చిపిండిలో రోగం తెచ్చే క్రిములు ఉండొచ్చు. ఉడికించి, కాల్చి, లేదా వేయించి తినాలి.
2. అయిదేళ్ల లోపు పిల్లలకు బుడ్డలు, పుట్నాలు గింజలుగా పెట్టొద్దు. అవి గొంతులో అడ్డం పడి ఊపిరి ఆగుతుంది. పొడి చేసి పెట్టాలి.
3. బొమ్మకు పుల్ల, గుండుసూది, పూస గుచ్చొద్దు.
4. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించొద్దు.
5. పొయ్యి, ఆవిరి, కత్తి పని పెద్దవాళ్లదే. ఉడికిన బొమ్మను చల్లార్చి ఇవ్వాలి.
6. బెల్లం కూడా తీపే. ఎక్కువైతే పళ్లు పుచ్చుతాయి. తీపి బొమ్మ తిన్నాక నోరు పుక్కిలించాలి.
7. ఉడికించిన బొమ్మలను అదే రోజు తినాలి. మన ఎండకు తొందరగా పులుస్తాయి.
8. తినగలిగినంతే చేయాలి. ఒక బిడ్డకు ఒక ముద్ద చాలు.

ఆలోచించండి

మన పిల్లలకు ఆటవస్తువులు కొనే స్తోమతు అందరికీ లేదు. అయితే ఆట కొంటేనే వస్తుందా? గుప్పెడు పిండి, ఒక గంట తీరిక, పక్కన అమ్మ. పిల్లలకు ఇంతకన్నా మంచి ఆట ఏముంది? రాగులు తినే అలవాటు, చేతులు కడిగే అలవాటు, పంచుకుని తినే అలవాటు, అన్నీ ఆ ముద్దలోనే ఉన్నాయి.

చదివి చెప్పండి

1. జొన్నపిండిని ఉడుకు నీళ్లతో ఎందుకు కలుపుతారు?
2. ఎర్ర రంగు కావాలంటే ఇంట్లో దొరికే ఏ వస్తువు వాడాలి?
3. పాండిచ్చేరి, తమిళనాడులో పీచుమిఠాయిని ఎందుకు ఆపేశారు?
4. చిన్నపిల్లలకు బుడ్డలు గింజలుగా ఎందుకు పెట్టకూడదు?

చేసి చూడండి

ఈ వారం రొట్టెల పిండిలో ఒక ముద్ద పక్కన పెట్టండి. మీ బిడ్డ పేరు అందులో రాయండి. బిడ్డతో మీ పేరు రాయించండి. కాల్చి, పేరును ఒక్కొక్క అక్షరం చదువుతూ ఇద్దరూ కలిసి తినండి.